రోడ్డు దాటిన తీగ

మా కంప్యూటర్ నెట్‌వర్క్స్ మేడమ్ మొన్న ఆదివారం ప్రొద్దుటూరులో చనిపోయారు. చర్చికి తయారై చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూలిపోయారట. సమాధి దగ్గరికి రెండు పార్టీలవాళ్ళూ వచ్చారు. ఎవరి దండ పైన ఉండాలని అక్కడా తోసుకున్నారు. మా కాలేజీ చైర్మన్ మైకు పట్టుకుని, "రెండు వర్గాలనూ కలిపిన తీగ మా మేడమ్" అన్నాడు. ఒకప్పుడు ఆమె వేయించిన తీగను కోయించిన మనిషే ఆయన. బతికుండగా ఆమెకు ఒక నమస్కారం పెట్టనివాడు, పోయాక కవి అయ్యాడు. ఆ మాటే ఆమె గురించి ఊళ్ళో మిగిలిపోతుందేమోనన్న మంటతో ఇది రాస్తున్నాను.

ఆమెకు పోలికలంటే గిట్టవు. క్లాసులోకి నెట్‌వర్క్ కేబుల్ ముక్క తెచ్చి, పైతోలు ఒలిచి, లోపల జతలు జతలుగా మెలేసి ఉన్న రాగి తీగలు మా చేతికిచ్చేవారు. "తిన్నగా పోతే బయటి గోలంతా పట్టుకుంటాయి. మెలేస్తే ఆ గోల రెండిటికీ ఒకే మాదిరి తగిలి కొట్టుకపోతాది" అని చెప్పేవారు. ఒకసారి నేను ఉత్సాహపడి, "మన పార్టీలను గూడా మెలేస్తే బాగుంటాది మేడమ్" అన్నాను.

"ఆ మాట మీటింగులకు దాచిపెట్టుకో. రాగి ఏం పాపం చేసిందని? వాళ్ళతో పోల్చి దాని పరువు తీయాకు" అన్నారు.

మా కాలేజీకి యజమానులు ఇద్దరు. చైర్మన్‌ది జమ్మలమడుగు వైపు ఊరు, కరెస్పాండెంట్‌ది పులివెందుల వైపు ఊరు. ఇద్దరూ భూములున్న ఆసాములే, వియ్యంకులు కూడా. ఎలక్షన్లలో చెరో పార్టీ పట్టుకున్నాక రోడ్డుకు ఇటున్న కొత్త బిల్డింగు చైర్మన్ పాలయింది, అటున్న పాతది కరెస్పాండెంట్ పాలయింది. కంప్యూటర్లన్నీ ఇటు, సర్వర్ అటు. సర్వర్‌ను ఇటు మోసుకొద్దామంటే ఆయన ఒప్పుకోడు, కంప్యూటర్లు అటు మోసుకుపోదామంటే ఈయన ఒప్పుకోడు. వెనక జీపుల్లో కొడవళ్ళు పెట్టుకుని తిరిగే ఇంతింత మనుషులకు, ఒక పెట్టె రోడ్డు దాటితే మర్యాద పోతుందని భయం.

మాకు ఫైనల్ ప్రాక్టికల్ పరీక్ష దగ్గరపడింది. బయటినుంచి ఎగ్జామినర్ వస్తాడు, ఆయన ముందు మా కంప్యూటర్లు సర్వర్‌తో మాట్లాడాలి. లేకపోతే ఏడాది పోయినట్టే. దువ్వూరులో పసుపు చేలల్లో కూలికి పోయే మా నాయన ఇంకో ఏడాది చదివించే స్థితిలో లేడు. నాకు పోయేది ఏడాది కాదు, చదువే.

మేడమ్ మొదట రోడ్డు మీదుగా కేబుల్ వేయించారు. అది చైర్మన్ పార్టీ నాయకుడి ఫ్లెక్సీకి పైనుంచి పోతోందని ఆయన మనుషులు కొడవలితో తెగ్గొట్టారు. ఆమె విసుక్కోలేదు. "వైరు కంటికి కనపడతాది కాబట్టి కోస్తారు. వైర్‌లెస్ కనపడదు కాబట్టి అనుమానపడతారు. ఏది వేసినా వీళ్ళు వీళ్ళే" అని రెండు మిద్దెల మీదా యాంటెన్నాలు ఎదురెదురుగా పెట్టించారు. అవి ఒకదానికొకటి తిన్నగా కనిపించాలి, మధ్యలో అడ్డముండకూడదు.

పరీక్ష ముందురోజు ఆ నాయకుడి పుట్టినరోజు వచ్చింది. యాంటెన్నాలకు సరిగ్గా మధ్యలో, మిద్దెలకంటే ఎత్తుగా, ఇనుప రేకుతో చేసిన కటౌట్ లేచింది. సిగ్నల్ చచ్చింది. మేడమ్ వెళ్ళి కాస్త పక్కకు జరపమని అడిగారు.

"అన్నను జరపమంటాండావా? యాడికి జరపల్ల? కావాలంటే ఆ యాంటెన్నా అన్న తలకాయ మీదనే పెట్టుకోండి. అవతల్నోళ్ళ సిగ్నల్ మా అన్న మీదుగానే రావల్ల!" అన్నాడు చైర్మన్ మనిషి.

సాంకేతికంగా చూస్తే అది మంచి ఉపాయమే, అంత ఎత్తునుంచి రెండు మిద్దెలూ తిన్నగా కనిపిస్తాయి. మేడమ్ సరేనని కరెస్పాండెంట్ దగ్గరికి వెళ్ళారు. ఆయన కుర్చీలోంచి లేచాడు. "వాని తలకాయ మీదుగా వచ్చే సిగ్నల్ నా బిల్డింగులోకి రాకూడదమ్మా! పిల్లోళ్ళు ఫెయిలైతే కానీలే" అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే మేడమ్ రోడ్డంతా పరికించి చూశారు. పైన ఫ్లెక్సీలు, స్తంభాలకు జెండాలు, గోడలకు గుర్తులు. ఏ పార్టీ నాదనని చోటు ఒక్కటే మిగిలింది, రోడ్డు కింద పోయే మురుగుకాలువ. ఆమె నల్ల పైపులోకి కేబుల్ దూర్చి, కొంగు బిగించి, కాలువలోకి దిగారు. మేము ఇటునుంచి పైపు అందించాం. మోకాళ్ళలోతు మురుగులో వంగి ఆమె దాన్ని అటు తోశారు. రోడ్డుకు రెండు పక్కలా జనం చేరి చోద్యం చూశారు. ఒక్కడూ దిగలేదు.

చైర్మన్ మెట్ల మీద నిలబడి, పక్కవాడితో అందరికీ వినపడేటట్టే అన్నాడు. "ఎంత చదివినా వాళ్ళకు అలవాటే లేప్పా."

ఆ 'వాళ్ళు' ఎవరో మాకు తెలుసు. ఆమె తాతల కాలంలో మిషన్ బళ్ళో అక్షరాలు నేర్చిన కులం అది. మేడమ్ కాలువలోంచి తలెత్తి, "అవును సార్, మాకు పని అలవాటు. మీకు చూడ్డం అలవాటు" అని మళ్ళీ వంగారు.

ఎగ్జామినర్ వచ్చేసరికి లింకు పనిచేస్తోంది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే మా స్క్రీన్లన్నీ చూశాడు. నా కంప్యూటర్‌కు సర్వర్ జవాబిచ్చినప్పుడు నేను ఏడ్చాను. మేడమ్ తడి చీరతోనే వెనక నిలబడి ఉన్నారు, చివరి అమ్మాయి పరీక్ష అయ్యేదాకా కదల్లేదు.

బయట కొత్తగా పరిచిన తెల్ల టైల్స్ మీద, గేటు నుంచి ల్యాబ్ దాకా ఆమె పాదాల నల్లటి గుర్తులు పడి ఉన్నాయి. ఆయా గుడ్డ పట్టుకుని వంగింది. "తుడవాకు, సాయంత్రం దాకా ఉండనీ" అన్నారు మేడమ్. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, చైర్మన్ ఆ అడుగులు తగలకుండా గోడ వెంబడి పక్కపక్కగా నడిచిపోయాడు.