ఖాళీ చేతిని చూపించమన్న మాస్టారు

పోయిన గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మాస్టారి భార్య సత్యవతమ్మ గారు ఫోను చేశారు. "సూరీ, మీ మాస్టారు లేవట్లేదురా. భోంచేసి పడుకున్నారు. నాలుగైంది. టీ పెట్టాను, చల్లారిపోయింది" అన్నారు. ఏడవలేదు. టీ చల్లారిపోయిందన్న మాట మాత్రం మళ్లీ చెప్పారు. నేను స్కూటర్ మీద ఆస్టినాబాద్‌లో వాళ్లింటికి చేరేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. అప్పలనరసయ్య మాస్టారు పడక్కుర్చీలో, కళ్లజోడు గుండెల మీద పెట్టుకుని, నిద్రలోనే వెళ్లిపోయారు. ఆ ముఖంలో ప్రశాంతత చూస్తే లేపి పలకరించాలనిపించింది. చెయ్యి ముట్టుకున్నాకగాని నమ్మకం కలగలేదు.

మన తెలుగు సంఘం పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆయన లెక్కలు చెప్పారు. గురువు పోయిన దుఃఖం మీకూ ఉంది, నాకూ ఉంది. అయితే నాకు ఆ దుఃఖం కింద గట్టిగా ఒక ఊరట కూడా ఉంది. ఆయన ఏడు నెలల ముందే పోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసి ఉండేవాణ్ణి కాదు, రాసినా అందులో అబద్ధం ఉండేది. ఆ సంగతి చెప్పకుండా ఆయన గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది.

మాస్టారి తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవారు. మాస్టారు ఈ దీవుల్లోనే పుట్టి, హిందీలో చదువుకుని, తెలుగు రాయడం వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో లెక్కలు చెబుతూ కంప్యూటర్ తనంతట తనే నేర్చుకున్నారు. అక్కడితో ఆగకుండా లిస్ప్ అనే పాత కంప్యూటర్ భాషను తన కంప్యూటర్‌లో నడిచేలా మొదటి నుంచీ సొంతంగా కట్టుకున్నారు. నిండా బ్రాకెట్లు ఉండే భాష అది. "బ్రాకెట్లు వల లాంటివిరా. కన్నాలే కనబడతాయి, పట్టేది మాత్రం అవే" అనేవారు.

ఆ భాషను నడిపేందుకు ఆయన దగ్గర రెండు ప్రోగ్రాములుండేవి. ఒకటి ఇంటర్‌ప్రెటర్: రాసిన దాన్ని ఒక్కో మాటే చదువుతూ అప్పటికప్పుడు చేసి చూపిస్తుంది, నిదానం. రెండోది కంపైలర్: అంతా ముందే యంత్రానికి అర్థమయ్యేలా మార్చి పెడుతుంది, వేగం. ఆయన నియమం ఒక్కటే. ఏ మార్పయినా ముందు ఇంటర్‌ప్రెటర్‌లో, తర్వాత కంపైలర్‌లో. ఒకే పనిని రెండింటి చేతా చేయించి జవాబులు పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుడు రూళ్ల నోటుపుస్తకంలో ఏం మార్చామో, ఎందుకో తెలుగులో రాసి, చివర "రెండూ చూశాను" అని సంతకం పెట్టాలి. నేను ఈ నాలుగు పేజీలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ నోటుపుస్తకం చలవే.

ఆ భాషలో ఆయన చేసిన పెద్ద పని ఆటుపోట్ల పట్టీ. అందులో నేను ఆయనకు చేతిసాయం. పెద్ద రేవుకు ముద్రించిన పట్టిక దొరుకుతుంది. ఉత్తరాన ఉన్న మాయాబందర్ చుట్టుపక్కల చిన్న చిన్న పాయల్లోకి పడవలు తెచ్చేవాళ్లకు దాన్ని సరిచేసి లెక్కగట్టాలి. పోటు ఎప్పుడు వస్తుంది, ఎంత ఎత్తు వస్తుంది అనే రెండు జవాబులు వాళ్లకు కావాలి. మా ప్రోగ్రాములో ఒక ఫంక్షన్, అంటే ఒక లెక్క చేసిపెట్టే ముక్క, ఒక జవాబే ఇవ్వగలిగేది. అందుకని రెండింటినీ ఒక లిస్టులో మూటగట్టి, తీసుకున్నాక ఆ లిస్టును పారేసేవాళ్లం. మా పాత కంప్యూటర్ ఆ మూటల బరువుకే మూలిగేది.

ఒకరోజు మాస్టారు బజారు నుంచి వస్తూ, రెండు చేతుల్లో రెండు చేపలు తోకలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"సంచి తీసుకెళ్లలేదా? చొక్కా చూడండి!" అన్నారు సత్యవతమ్మ గారు.

"చొక్కా ఉతుక్కోవచ్చు సత్యా. ఒరే సూరీ, రెండు చేపలు ఇవ్వడానికి సంచి ఎందుకురా? రెండు చేతులున్నాయి కదా!"

ఒక ఫంక్షన్ ఒకేసారి ఎన్ని జవాబులైనా, మూటగట్టకుండా, నేరుగా చేతికి అందించే ఏర్పాటు అలా మొదలైంది. మొదటి జవాబు ఎప్పటిలాగే వస్తుంది. మిగతావి పక్కన ఒక చోట ఉంటాయి, మొత్తం ఎన్ని అనే అంకె ఇంకోచోట ఉంటుంది. అడిగినవాడు అంకె చూసి కావలసినన్ని తీసుకుంటాడు. ఇంటర్‌ప్రెటర్ భాగం ఆయన రాశారు. అప్పుడే ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కంపైలర్ భాగం నాకు అప్పజెప్పి, కట్టు కట్టిన కంటితోనే ఒక హెచ్చరిక చేశారు.

"ఒక్కటే ఇచ్చేవాడు కూడా 'ఒక్కటే' అని అంకె మార్చి చెప్పాలి. రెండో చెయ్యి ఖాళీ అయితే ఖాళీ అని చూపించాలి. లేకపోతే ముందు కొట్లో కొన్న చేప ఇంకా ఆ చేతిలోనే ఉంటుంది."

నేను విన్నాను, తలూపాను, చెయ్యలేదు. చాలా ఫంక్షన్లు ఒక జవాబే ఇస్తాయి కదా, ప్రతిసారీ అంకె మార్చడం దండగ, అది తీసేస్తే కంపైలర్ ఇంకా వేగంగా పోతుంది అనుకున్నాను. తీసేశాను. ఆ సాయంత్రం మా కాలనీ జట్టుకు వాలీబాల్ పోటీ ఉంది. ఇంటర్‌ప్రెటర్ జవాబు ఒక్కటే చూసి, కంపైలర్ జవాబు చూడకుండా, నోటుపుస్తకంలో "రెండూ చూశాను" అని సంతకం పెట్టేశాను. మర్నాడు మాయాబందర్ వెళ్లే ఒకాయన చేతికి, కంపైలర్‌తో తీసిన పట్టీని పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చి పంపాను. అప్పట్లో మా ఇంటర్నెట్‌ను నమ్ముకోవడం కంటే ఓడను నమ్ముకోవడం మేలు.

మాయాబందర్‌లో ఎర్రయ్య అని పడవ యజమాని ఉన్నాడు. ఆయన వాడే పాయలో నీటి ఎత్తు ఎవరూ కొలవలేదు. ఆ పాయకు మా ఫంక్షన్ వేళ ఒక్కటే ఇస్తుంది, ఎత్తు దగ్గర ఖాళీ ఉండాలి. నేను అంకె మార్చనివ్వలేదు గనుక, కంపైలర్ పట్టీలో దానికి ముందున్న పడవల జెట్టీ తాలూకు ఎత్తునే తెచ్చి ఆ ఖాళీలో పెట్టింది. పట్టీలో ఎత్తు చూసి ఎర్రయ్య సంబరపడి, నిండా చేపల సరుకుతో పాయలోకి పడవ పోనిచ్చాడు. అది పాయ మూతి దగ్గర ఇసుకలో కూర్చుంది. తర్వాతి పోటు వచ్చేదాకా ఎండలో ఆరుగురు. ఎర్రయ్య మామ సొమ్మసిల్లాడు, తర్వాత కోలుకున్నాడు. చేపంతా పాడైంది.

కబురు రాగానే నాకు తప్పెక్కడో తెలిసిపోయింది. మాస్టారి కంటి కట్టు విప్పకముందే దాన్ని సరిచేసేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఇదే నేను చేసిన అసలు పాపం. మాస్టారు కూర్చుని రెండింటినీ పోల్చి చూశారు. రెండూ సరిగ్గా ఉన్నాయి. మళ్లీ చూశారు. వారం రోజులు చూశారు. నోటుపుస్తకం తెరిచి నా సంతకం చూశారు, దాన్ని నమ్మారు. నన్ను అనుమానించడం ఆయనకు తట్టలేదు, అనుమానం తన మీదికే తిప్పుకున్నారు. మాయాబందర్ సమాచారం తానే టైపు చేశారు కాబట్టి, తన చెయ్యో బుర్రో ఎక్కడో తప్పిందని తేల్చుకున్నారు. "తప్పు నాది, క్షమించండి" అని ఎర్రయ్యకు చీటీ రాసి పంపారు. ఆ రెండు చేతుల ఏర్పాటు మొత్తం కంపైలర్‌లోంచీ ఇంటర్‌ప్రెటర్‌లోంచీ తీసేశారు. పట్టీ పంపడం ఆపేశారు. కొన్నాళ్లకు ట్యూషన్లు కూడా మానేశారు. "వయసైపోయిందిరా, పిల్లలకు తప్పు చెబుతానేమో" అన్నారు. నేను అప్పుడు కూడా తలూపాను.

ఆరేళ్లు గడిచాయి. పోయిన ఏడాది చివర ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళితే, మాస్టారు వంటగది గుమ్మంలో నిలబడి గ్యాస్ పొయ్యి వైపు చూస్తున్నారు. "సత్యా, కట్టేశానా? ఒకసారి చూడు" అన్నారు. ఆవిడ వచ్చి చూసి, కట్టే ఉందన్నారు. ఆయన అటు వెళ్లగానే నాతో మెల్లగా అన్నారు: "రోజూ ఇదే తంతురా. గ్యాసు నన్ను చూడమంటారు, తలుపు గడియ నన్ను చూడమంటారు. పన్నెండు ఎనిమిదులు ఎంతని మొన్న నన్నడిగారు. తెలియక కాదు. తనకొచ్చిన జవాబు మీద నమ్మకం లేక."

ముందు గదిలోకి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని చెప్పేశాను. వాలీబాల్‌తో సహా.

మాస్టారు మొదట అడిగింది, "ఏ లైను?" అని. చెప్పాను. కాగితం మీద గీసి చూసుకున్నారు. ఎర్రయ్య పాయ, దానికి ముందున్న జెట్టీ, ఆ ఎత్తు. పెన్సిల్ ఆగిపోయింది.

"అంటే నా బుర్ర పోలేదన్నమాట!"

ఆ మాటంటూ ఆయన నవ్విన నవ్వు నేను బతికినంతకాలం వింటూనే ఉంటాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ నవ్వారు. కోపం మర్నాడు వచ్చింది. నేను వెళితే ముఖం తిప్పుకుని, "ఆరేళ్లు నా కళ్లను నేను నమ్మలేదురా. నీ సంతకాన్ని నమ్మాను" అన్నారు. నాలుగు రోజులు ఆ ఇంట్లో నాకు మంచినీళ్లు ఇచ్చింది సత్యవతమ్మ గారే. ఐదో రోజు ఆయనే పిలిచారు.

"నాకు చెప్పావు. ఎర్రయ్యకి చెప్పావా?"

బస్సెక్కి మాయాబందర్ వెళ్లాను. ఎర్రయ్య జెట్టీ దగ్గర వల బాగుచేసుకుంటున్నాడు. నిలబడే చెప్పాను. అంతా విని దారం కొరికి ఉమ్మేశాడు.

"అరె, తూ నిక్లా, నువ్వేనన్నమాట! మాస్టారు చిట్టీ రాసినప్పుడే మా మామ అన్నాడు, ఆయన గల్తీ చెయ్యడు, మిషన్‌లో ఏదో గడబడ ఉందని. గడబడ నువ్వా?"

"నేనే భయ్యా."

"నీకు రెండు తగిలించాలి గానీ, అన్నం వేళైంది. ముందు తిను. తిన్నాక కొడతా." తిన్నాక కొట్టలేదు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు. "ఆ కాగితం ఎందుకు బంద్ చేశారు? ఫోన్లో ఏవేవో చూపిస్తారు, మా పాయ ఎక్కడా ఉండదు. మాస్టారికి చెప్పు, మళ్లీ పంపమని. ఈసారి నువ్వు చూడకు, ఆయన్ని చూడమను."

ఆ మాట యథాతథంగా చెబితే మాస్టారు లేచి బీరువాలోంచి నోటుపుస్తకం తీశారు. "చూసేది నువ్వే. కూర్చో" అన్నారు.

ఆ తర్వాతి నెలలు నాకు ప్రసాదంగా దొరికినవి. మొదటి నుంచీ మళ్లీ కట్టాం. ముందు ఇంటర్‌ప్రెటర్, తర్వాత కంపైలర్. ప్రతి ఒంటి జవాబు దగ్గరా అంకె మార్చే సూచన నా చేత్తోనే పెట్టించారు. "వేగం తగ్గుతుంది మాస్టారూ" అంటే, "మునిగేవాడికి వేగం ఎందుకురా?" అన్నారు. ఒకరోజు ఆయనే పెద్ద తప్పు పట్టుకున్నారు. ఒక ఫంక్షన్ తన పని చివర ఇంకో ఫంక్షన్‌ను పిలిస్తే, లోపలిది ఇచ్చిన జవాబులన్నీ బయటికి రావాలి. ఇంటర్‌ప్రెటర్‌లో రెండూ వచ్చాయి. కంపైలర్‌లో ఒకటే వచ్చింది. దారిలో నేను మళ్లీ "ఒక్కటే" అని అంకె మార్చేస్తున్నాను. నాకు కనబడలేదు. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో చూపించారు. తర్వాత లోపలికి కేకేశారు.

"సత్యా! ఇవాళ గడియ నేనే వేస్తాను. నువ్వు చూడక్కర్లేదు!"

"వెయ్యండి మహానుభావా, ఆరేళ్లకి!" అన్నారావిడ లోపలినుంచి. ఆ గొంతులో ఏముందో నేను రాయలేను.

ట్యూషన్లు మళ్లీ మొదలయ్యాయి. గ్యాస్ పొయ్యి దగ్గర ఆగడం మానేశారు. ఎవరినీ పిలవకుండా ఆయన తనే దాన్ని కట్టేసి వచ్చి కూర్చోవడం చూసినప్పుడల్లా నాకు కడుపు నిండేది. నన్ను క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు. పని చెప్పారు, అంతే. నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఆయన పోయాక నాలుగో రోజు సత్యవతమ్మ గారు నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. చివరి పేజీలో, ఆ గురువారం పొద్దున రాసినట్టున్నారు, ఆయన అక్షరాల్లో ఇలా ఉంది: "మాయాబందర్ పట్టీ. ఇంటర్‌ప్రెటర్: చూశాను. కంపైలర్:". ఆ తర్వాత ఏమీ లేదు. అన్నం వేళై ఉంటుంది.

ఆయన కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కంపైలర్‌తో పట్టీ నడిపాను. ఇంటర్‌ప్రెటర్‌తో ఆయన తీసి పెట్టిన కాగితం పక్కన నా కాగితం పెట్టి, వేలు పెట్టి, వరసగా చూసుకుంటూ వచ్చాను. ఎర్రయ్య పాయ వచ్చింది. వేళ ఉంది. ఎత్తు దగ్గర ఖాళీ. రెండు కాగితాల్లోనూ ఖాళీ. చివరి వరస దాకా చూసి, మొదటి నుంచి ఇంకోసారి చూశాను.

ఫోన్‌లో పట్టీ పంపిన రోజునే ఎర్రయ్య ఫోన్ చేశాడు. మాస్టారి గురించి కాసేపు ఏడ్చాడు. ముక్కు చీది, "ఎత్తు దగ్గర ఏమీ లేదేంటి?" అన్నాడు.

"అక్కడ కొలవలేదు భయ్యా. మాకు తెలియదు."

"అచ్ఛా. అయితే నేనే గెడ వేసి లోతు చూసుకుంటా" అన్నాడు.

ఇకమీదట నా తప్పులు పట్టే కళ్లు లేవు. అటువంటి గురువు నాకు మళ్లీ దొరకడు. ఆయన పాదాల దగ్గర పెట్టడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే. నోటుపుస్తకంలో ఆయన వదిలిన చోట, ఆయన అక్షరాల పక్కన, నా చేత్తో రాశాను: రెండూ చూశాను.