తుడిచి దాచిన పాళీలు

మొక్కల పరిశోధనాలయంలో ఆవిడ పేరు ఎవరికీ అక్కర్లేదు. "బొమ్మలావిడ" అంటే చాలు, గేటు దగ్గర కాపలా మనిషి నుంచి ప్రొఫెసరు దాకా అందరికీ తెలుసు. మేడ మీద కిటికీ పక్కన ఏటవాలు బల్ల, గ్లాసులో నీళ్ళు, నల్ల సిరా సీసా, కర్రకు తగిలించిన పాళీ. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే కూర్చుని ఆకుల ఈనెలు, కాడల మీది నూగు, గింజల మీది చారలు గీసింది. ప్రొఫెసరు వాటి కింద రెండేసి వాక్యాలు రాసి, తన పేరుతో ఏడు సంపుటాలు అచ్చు వేయించుకున్నాడు. ముందుమాట చివర, టైపు చేసినాయన పేరు తరువాత, "చిత్రాలు సమకూర్చిన సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క ఉండేది. సిబ్బంది అంటే ఆవిడ ఒక్కతే. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

ఆవిడేం అమాయకురాలు కాదు. ఆవిడకూ ఒక పంతం ఉంది. ప్రొఫెసరుకు తన చేతిపని ఇచ్చింది గానీ, మంచి పాళీ ఒక్కటీ ఇవ్వలేదు.

పాళీలు సొంత డబ్బుతో తెప్పించుకునేది, డబ్బాకు వంద. చూడటానికి అన్నీ ఒకేలా మెరిసే ఇనుప ముక్కలు. ఒక్కోదాన్నీ భూతద్దం కింద పెట్టి, చీలికకు అటూ ఇటూ ఉన్న మొనలు సమంగా ఉన్నాయో లేదో చూసేది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే దాన్ని బల్ల సొరుగులోకి విసిరేసేది. నెగ్గినదాన్ని బొటనవేలి గోటి మీద నొక్కేది. మొనలు రెండూ ఒక్కసారే విడిపోయి ఒక్కసారే కలవాలి. ఆ పైన, ఫ్యాక్టరీలో పూసి పంపిన నూనెను స్పిరిట్ దూదితో తుడిచేది. నూనె ఉంటే సిరా పాళీకి పట్టుకోదు, జారి బొట్టయిపోతుంది. చివరికి గీత. వెంట్రుకంత సన్నగా మొదలై, నొక్కితే గడ్డిపరకంత లావై, మళ్ళీ వెంట్రుకై ఆగాలి. కాగితం గీరుకోకూడదు. వందలో రెండో మూడో అలాంటివి దొరికేవి. వాటిని కడిగి, ఆరబెట్టి, ఇంటికి తెచ్చి, దూది పరిచిన రేకు డబ్బాలో పడుకోబెట్టేది. ఫరవాలేదనిపించిన వాటితో ఉద్యోగం నడిపేది.

ఇంట్లో ఆవిడా, చెల్లెలూ ఇద్దరే. చెల్లెలిది కుట్టుపని, సూదికంటే నోరు పదును.

"మంచివన్నీ డబ్బాలో, చచ్చువన్నీ చేతిలో. ఎవరి కోసం అక్కా ఇదంతా?"

"నా పేరుతో ఒక్క పని రానీ. అప్పుడు తీస్తా."

"రాకపోతే?"

"నీ నోట్లో మంచిమాట రాదే! వాడితే అరిగిపోతాయి. దాచుకుంటే ఎక్కడికి పోతాయి?"

"నాకెందుకులే తల్లీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని చెల్లెలు మిషను తొక్కుకునేది.

కొన్నాళ్ళకు పాళీల ఫ్యాక్టరీ మూతపడింది. కొత్త డబ్బాలు రావడం ఆగిపోయింది. అప్పటి నుంచి ఆవిడ రేకు డబ్బా మూత కూడా తీయలేదు, గాలి తగులుతుందని. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఈలోగా ప్రొఫెసరు పోయాడు. ఆయన కుర్చీలోకి ఒక చిన్న వయసు డైరెక్టరమ్మ వచ్చింది. పాత సంపుటాలు తిరగేసి, తనే మేడ ఎక్కి బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మా, ఎనిమిదో సంపుటం మొత్తం బొమ్మలే. అట్ట మీద మీ పేరే వేస్తాం. మొదటి బొమ్మ మన తోటలో పెంచుతున్న కొండమొక్కది. రేపో మాపో పూస్తుంది, పువ్వు రెండు రోజులకు మించి ఉండదు. మీకు వీలవుతుందా?"

వీలవుతుందా అని అడుగుతోంది! బొమ్మలావిడ వెంటనే తల ఊపింది.

ఆ సాయంత్రం చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ డబ్బా మూత తీసింది. దూది ఎర్రమట్టిలో ముంచినట్టు ఉంది. పాళీలు దానికి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకటి పీకి, గరుకు కాగితంతో రుద్ది, సిరాలో ముంచి గీసింది. గీత వెంట్రుకలాగే మొదలైంది, రెండు అంగుళాలు పోయాక మొన కాగితంలో దిగబడి సిరా చిమ్మింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. డెబ్బై నాలుగు పాళీల్లో ఒక్కటి బతికి లేదు.

"ఒక్కసారైనా వాడలేదు కదా, ఎలా పట్టింది తుప్పు?" అంది చెల్లెలు.

బొమ్మలావిడకు ఆ ప్రశ్న వినకముందే జవాబు తెలిసింది. "నూనె పూసేదే తుప్పు పట్టకుండా. నేనే తుడిచాను. మంచివాటినే ఏరి ఏరి తుడిచాను."

చెల్లెలు లేచి మిషను నూనె సీసా తెచ్చి పక్కన పెట్టింది. ఇన్నేళ్ళూ అది ఆ గదిలోనే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మర్నాడు పువ్వు విచ్చుకుంది. ఆవిడ బల్ల సొరుగు లాగింది. భూతద్దం కిందే ఓడిపోయిన పాళీలు, ఎవరూ నూనె తుడవని పాళీలు, నిన్న కొన్నట్టు నిగనిగలాడుతున్నాయి. చూస్తుంటే ఒళ్ళు మండింది. చేతికందింది తీసి తుడిచి గీసింది. దాని ఒక మొన పొట్టి, గీత ఎడమకు లాగుతుంది. రెండు రోజులు కాగితాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ, దాన్ని బుజ్జగించి, తిట్టుకుని, బొమ్మ పూర్తి చేసింది. రేకుల అంచు దగ్గర గీత వెంట్రుకై ఆగాల్సిన చోట, ప్రతిసారీ కాస్త ముందే తెగిపోయింది. ఆ చోట్లన్నీ ఆవిడకు తెలుసు.

డైరెక్టరమ్మ బొమ్మను కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. ముఖం విప్పారింది.

"ఎంత బాగుందమ్మా! ఎప్పట్లాగే ఉంది."

ఇంటికొచ్చి ఆవిడ నేరుగా అలమర తీసి, రేకు డబ్బాను చెత్తబుట్టలోకి బోర్లించింది. చెల్లెలు మిషను ఆపింది.

"ఏమన్నారక్కా?"

"ఎప్పట్లాగే ఉందన్నారు."

"పోనీలే, తేడా ఎవరికీ తెలియలేదుగా!"

తెలియదు మరి. పోల్చి చూడటానికి, మంచి పాళీతో గీసిన బొమ్మ ఈ లోకంలో ఒక్కటీ లేదు. తన చేతిలో నిజంగా ఎంత పనితనం ఉండేదో ఎవరూ చూడలేదు. ఆవిడా చూడలేదు.