మెర్ల్ ట్రెలోర్ పేర్చిన పోస్టరు

మొగుణ్ణి ఇంకా పాతిపెట్టకముందే, ఆ చావుకి అతనే కారణమని ఊరంతటికీ చాటే పోస్టరును మెర్ల్ ట్రెలోర్ చేతనే పేర్పించారు.

"పెద్ద అక్షరాలు నీ చేతికే లొంగుతాయమ్మా, ఒక్క గంట వచ్చి వెళ్ళు," అని కబురు పెట్టాడు ఆమె పనిచేసే పేపరు ఎడిటర్ కోర్డల్. మెర్ల్ వెళ్ళింది. చీటీ మీద రాసి ఉన్నది పేర్చింది: మిల్లులో చావు, కార్మికుడి అజాగ్రత్తే కారణం. చేతుల సిరా కడుక్కుని, నెడ్‌ని పాతిపెట్టడానికి చర్చికి నడిచింది.

పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో మాట ఇది. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో మాది చెరకు ఊరు. పేపరు అమ్మే ప్రతి కొట్టు ముందూ ఓ ఇనప చట్రం, అందులో ఆ రోజు పోస్టరు. పేపరు కొనేవాళ్ళు కొందరే, పోస్టరు చదవనివాడు లేడు. ఆ చెక్క అక్షరాలు ఒక్కొక్కటీ బెత్తెడు పొడవు. బండగా, నల్లగా, పక్కటెముకలు రాసుకునేంత ఇరుకుగా ఉండేవి. సర్కస్ వచ్చినా, బాక్సింగ్ డేరా దిగినా, సమ్మె కట్టినా వాటితోనే అరిచేవాళ్ళం. వెడల్పు అక్షరాలైతే ఆ కాగితం మీద రెండు మాటలు కూడా పట్టవు. ఇవి భుజాలు ముడుచుకుని నిలబడతాయి గనక ఒక నేరం మొత్తం పట్టేస్తుంది.

నెడ్ మీద మోపిన నేరం అలాగే పట్టింది. మాంసం కొట్టులో మెర్ల్ వెనకే నిలబడి ఎవరో, "తాగి పనికెళ్ళాట్ట పాపం," అన్నారు. నెడ్ జన్మలో బీరు ముట్టలేదు. తాగుడంటే పాపమనే మెథడిస్టు క్రైస్తవుడు.

చాలా నెలలకి మేజిస్ట్రేటు విచారణ ముగిసింది. చెరకు ఆడడం ఆగిపోకూడదని, నెడ్ని లాక్కున్న రోలర్ల మీది రక్షణ మూతను మిల్లువాళ్ళే తీయించేశారనీ, నెడ్ తప్పేమీ లేదనీ తీర్పొచ్చింది. పేపర్లో అది లోపలి పేజీలో, బౌల్స్ ఆట ఫలితాల కింద, చీమల బారులాంటి అక్షరాల్లో పడింది. ఆ రోజు పోస్టరు మీద గుర్రప్పందెం. అదీ మెర్లే పేర్చింది.

పేర్చాక కోర్డల్ గదిలోకి వెళ్ళింది.

"నెడ్ సంగతి పోస్టరు మీద వెయ్యరా?"

"పాత వార్తమ్మా అది. పోస్టరుండేది పేపరు అమ్ముకోడానికి."

"నెడ్ చచ్చిన రోజు బాగానే అమ్ముకున్నారుగా."

కోర్డల్ టై సర్దుకున్నాడు. "నీ బాధ నాకు తెలుసు. వెళ్ళి కాస్త టీ తాగు."

వెళ్ళి తాగింది. ఆ టీ చల్లారకముందే ఆమె మనసు గట్టిపడిపోయింది. ఆ సంగతి మర్నాడే తనే పోస్టరెక్కించెయ్యొచ్చు, కానీ ఎక్కించలేదు. పగకి జనం కావాలి. జూలైలో వ్యవసాయ ప్రదర్శనకి చుట్టుపక్కల తోటలన్నీ ఖాళీ చేసుకుని జనం ఊళ్ళోకి దిగుతారు. ప్రదర్శన సంఘానికి కోర్డలే అధ్యక్షుడు. ఆ పొద్దున అతను ఆఫీసుకి రాడు, పోస్టరు చూడడు.

ఆ రోజు మెర్ల్ అక్షరాలు బిగించి మిషను దగ్గరికి మోసుకొచ్చింది. మిషను నడిపే క్లారీ హొగార్త్ వాటి మీదికి వంగాడు.

"ఏవమ్మా, తిరగేసిన అక్షరాలు చదవడం నాకు రాదనుకున్నావా?"

"వచ్చనే తెచ్చా."

"ఇద్దర్నీ గెంటేస్తారు తెల్సా?"

"నన్నే గెంటుతారు. నువ్వు చదువురాని మొద్దువని చెప్తాలే."

"పాతికేళ్ళుగా మా ఆవిడ చెప్పేదీ అదే." క్లారీ రోలరు మీద చెయ్యి వేశాడు. "నలుపు ఇంకాస్త పొయ్యనా?"

"పొయ్యి."

పొద్దెక్కేసరికి ఊళ్ళో ప్రతి చట్రంలోనూ అదే: నెడ్ ట్రెలోర్‌ను చంపింది మిల్లు. అబద్ధమాడింది మేము. పైన పేపరు పేరు, తేదీ ఎప్పటిలాగే. కొట్లవాళ్ళు తేదీ చూసుకుని తగిలించేశారు. ప్రదర్శనకి వెళ్ళే లారీలు వేగం తగ్గించి మరీ చదివాయి.

కోర్డల్ ప్రారంభోపన్యాసానికి లేచేసరికి మిల్లు కూలీలు మర్యాదకైనా టోపీలు తియ్యలేదు. వెనక నుంచి ఎవడో, "పోస్టరు చదివి వినిపించండి దొరగారూ!" అని అరిచాడు. నవ్వులు పడ్డాయి. కోర్డల్ ఉపన్యాసం మధ్యలో మింగేసి, పోస్టరు మీద ఏముందో పక్కవాణ్ణడిగి తెలుసుకుని, ఆడవాళ్ళ టీ డేరాలో కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకు తింటున్న మెర్ల్ దగ్గరికి ఊడిపడ్డాడు.

"ఇది కక్ష!"

"అవునండీ, కక్షే."

"చచ్చినవాడు తిరిగొస్తాడా దీంతో?"

"వచ్చేవాడే అయితే నేరుగా మీ ఇంటికే పంపేదాన్ని."

"రేపట్నుంచి పన్లోకి రావొద్దు."

"రేపటి పోస్టరు మీద అదీ వేయించండి. అక్షరాలు చాలుతాయి, లెక్క చూసే వచ్చాను." అని చేతికంటిన కొబ్బరి పొడి దులుపుకుంది.

తర్వాత మెర్ల్ ఆసుపత్రి దుప్పట్లు ఉతికి బతికింది. కోర్డల్ క్షమాపణ చెప్పలేదు, మెర్ల్ క్షమించలేదు. అతని అంత్యక్రియల నాడు పిలవకపోయినా వెళ్ళి, ముందు వరసలో కూచుని, ఒక్క పాటకీ నోరు తెరవలేదు. ముసలితనంలో మెత్తబడిందని రాస్తే అది నేను చేసే అన్యాయం అవుతుంది. పోయినేడు చనిపోయేదాకా మెత్తబడలేదు.

ఆ చెక్క అక్షరాలు ఇప్పుడు లేవు. ఆ రూపాన్నే కంప్యూటర్లోకి ఎక్కించుకుని, పాతకాలపు అందం పేరుతో మా పేపరు ఫోన్లలో మెరిపిస్తోంది. పోయిన నెల దాంతోనే రాసింది: మిల్లు ప్రమాదం, నిబంధన పాటించని కార్మికుడు. వనువాటు దీవుల నుంచి పనికొచ్చిన జోయెల్ టారి చెయ్యి పోగొట్టుకున్నాడు. యంత్రాన్ని ఆపే అత్యవసర మీట చెడిందని అక్కడి పనివాళ్ళంతా ముందే చెప్పారని పేపరు మొన్న ఒప్పుకుంది. ఎక్కడ? అట్టడుగున, గోరంత అక్షరాల్లో.

ఇది చదువుతున్నవాళ్ళని నేను సానుభూతి అడగడం లేదు. శుక్రవారం పొద్దున పేపరు ఆఫీసు ముందుకి రండి. రాలేనివాళ్ళు ఎడిటర్‌కి ఇవాళే రాయండి, ఫోన్ చెయ్యండి, జవాబొచ్చేదాకా విసిగించండి. జోయెల్ తప్పేమీ లేదన్న సంగతి మొదటి పేజీలో, అతని మీద నిందకి వాడిన అక్షరాల్లోనే, అంతే లావున పడాలి. అంతకన్నా ఒక్క నూలు తగ్గినా ఒప్పుకోకండి.