డొక్కమాంసం మీద సుంకం

దీవిలోని మా ఊరు పోపువాలో ఆదివారం పొద్దున ప్రతి ఇంట్లోనూ గుంతపొయ్యి పొగ లేస్తుంది. పక్కింటి కలొలైనే అక్క చేమాకులు పరిచి, గొర్రె డొక్కమాంసం ముక్కలు పెట్టి, ఉల్లిపాయ వేసి, కొబ్బరిపాలు పోసి పొట్లాలు కట్టేది. చర్చి నుంచి వచ్చేసరికి కొవ్వు కరిగి ఆకులోకి దిగేది. వాళ్లింట్లో ఎనిమిది మందీ కడుపునిండా తినేవారు. పరాయి దేశం నుంచి ఓడ మీద వచ్చే ఆ మాంసమే మాకు అన్నిటికన్నా చవక.

దేశంలో చక్కెర జబ్బు పెరిగిపోతోందని ప్రభుత్వం ఆ మాంసం మీద దిగుమతి సుంకం పెంచింది. కొవ్వు మానేసి చేపలు తింటామని వాళ్ల ఆశ. కలొలైనేకీ పదేళ్లుగా ఆ జబ్బుంది.

చర్చి హాల్లో ఒక నర్సమ్మ చేపల బొమ్మలు చూపించింది. కలొలైనే లేచి, "బొమ్మ బాగుంది తల్లీ. ధర ఎంతో కింద రాయలేదేం?" అంది. అందరం నవ్వాం. నర్సమ్మ బొమ్మ చుట్టి పక్కన పెట్టేసింది.

కలొలైనే వెళ్లగానే కొట్టు నడిపే లోసా ముందే చేతులు జోడించేది. "అత్తా, సుంకం నేను వేయలేదు. నన్ను తిట్టకు."

"నిన్నెందుకు తిడతానే! రెండు కిలోల డబ్బుకి కిలో అయినా ఇస్తానంటున్నావు."

కలొలైనే మాంసం కొనకుండా నూడుల్సు, తెల్ల బ్రెడ్డు తెచ్చుకునేది. ఆమె మొగుడు సెమిసి రేవులో కూలీ. "మాంసం ఏదే?" అంటే, "ఓడలోనే ఉంది. దింపేది నువ్వేగా, అడుగు" అనేది.

చివరికి బుట్ట పట్టుకుని ఉప్పునీటి మడుగులో కూరకి గుల్లలు ఏరడానికి నాతో బయలుదేరింది. ఊళ్లో ఆడవాళ్లందరం అక్కడే తేలాం. ఒడ్డున గుల్లలు అయిపోయాయి. కలొలైనే లోపల రాళ్ల దాకా వెళ్లేది. ఒకరోజు తిరిగి వస్తుంటే తన అడుగుల వెంట నెత్తురు కనిపించింది.

"అక్కా, నీ కాలు!"

"ఏ కాలు?" అంది. జబ్బుతో పాదాలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. తెగింది తనకి తెలియనే లేదు.

ఆసుపత్రికి పోదామంటే వినలేదు. గుడ్డ చుట్టుకుని మర్నాడూ మడుగులోకి దిగింది. మూడు వారాలకి పుండు కుళ్లి జ్వరంతో పడిపోతే మోసుకెళ్లాం. మోకాలి కింద కాలు తీసేశారు.

సెమిసి మంచం పక్కన కూలబడి ఏడ్చాడు. "వాసనేమిటే అంటే గుల్లలదన్నావు కదే!"

"నిజం చెబితే మడుగుకి వెళ్లనిస్తావా?" అంది కలొలైనే, గోడకేసి తిరిగి.

ఇప్పుడు గుల్లలకి ఆమె కోడలు వెళ్తోంది. కలొలైనే వరండాలో కూర్చుని తెచ్చినవాటిని కడుగుతుంది.

"అన్నీ పిల్ల గుల్లలేనేమే?"

"పెద్దవి లేవత్తా."

కలొలైనే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఇసుక వదిలేదాకా రుద్దుతుంది.