పలికేదాకా వదలని మనిషి

మా పక్క ఖాళీ స్థలంలో ఎవరో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే కొత్త గోడలకు నీళ్ళు కొడతారు. తడి సిమెంటు వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఇంట్లోవాళ్ళు విసుక్కుని కిటికీ మూసేస్తారు, నేను వెళ్ళి తెరుస్తాను. ఆ వాసన తగిలితే నాకు మునిరత్నం సార్ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ఆయన మేస్త్రీ కాదు. వేలూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మాకు పై అధికారి. కానీ తాతల కాలం నుంచి వాళ్ళది ఇళ్ళు కట్టే కుటుంబం. ఆదివారాలు గుడియాత్తంలో అన్నగారు కట్టిస్తున్న ఇళ్ళ దగ్గరే గడిపేవారు. సోమవారం ఎంత ఉతికిన చొక్కా వేసుకొచ్చినా ఆ వాసన మాత్రం వెంట వచ్చేది.

వేలూరులో మేడ మేడకీ కంప్యూటర్ శిక్షణ బోర్డు వేలాడుతున్న రోజులవి. మాది పరదరామి, వ్యవసాయం. నాన్న నన్ను ఉద్యోగానికి పంపారే గానీ మనస్ఫూర్తిగా పంపలేదు. “ఒగసారి పని పోయి ఎనక్కొచ్చినావంటే మళ్ళా పంపేది లేదు” అని గడప దగ్గరే చెప్పేశారు. చెప్పిన మాట మీద నిలబడే మనిషి, అదే నా భయం. చేరిన రోజు సార్ నన్ను కాసేపు తమిళంలో ప్రశ్నలడిగి, నా యాస పట్టేసి, తెలుగులోకి దిగారు.

“యా ఊరమ్మా మనది?”

“పరదరామి సార్.”

“అట్లనా! తెలుగు సదివేదొచ్చునా నీకు?”

“వస్తాది సార్.”

“నాకు రాదమ్మా. మాట్లాడేదొకటే.” సిగ్గుపడలేదు, గొప్పగానూ చెప్పలేదు. ఈ నాలుగు మాటలు ఆయన ఉండగా రాసినా ఎవరో ఒకరు చదివి వినిపించవలసి వచ్చేది.

మేము ఒక ఆసుపత్రికి పని చేసేవాళ్ళం. ఏ డాక్టరును ఎప్పుడు చూడవచ్చో రోగులు ఇంటర్నెట్‌లో చూసి సమయం తీసుకునే ఏర్పాటు. అడిగినవాళ్ళ ప్రశ్న అందుకునేది వెబ్ సర్వర్. లోపల లెక్క చూసి జవాబు చెప్పేది అప్లికేషన్ సర్వర్. ఒకదాని మాట మరొకదానికి మోసేది కనెక్టర్ అనే చిన్న మాడ్యూల్. వెబ్ సర్వర్ మురుగన్ చూసుకునేవాడు, అప్లికేషన్ సర్వర్ నేను. కనెక్టర్ ఎవరిదీ కాదు. ప్రతి సోమవారం ఉదయం ఆసుపత్రి తలుపులు తెరిచే వేళకు మా పేజీ కదలక మెదలక నిలిచిపోయేది. రెండు యంత్రాలనూ ఆపి మళ్ళీ మొదలుపెడితే ఏమీ ఎరగనట్టు నడిచేది. తప్పు నీదంటే నీదని మురుగనూ నేనూ కీచులాడుకునేవాళ్ళం. మురుగన్ పాతకాపు, నేను కొత్తదాన్ని. చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో నాకు తెలుస్తూనే ఉంది.

ఒక సోమవారం సార్ మా ఇద్దరినీ కుర్చీల్లోంచి లేపారు. “ఎవురూ ముట్టుకోవద్దు. నిలిపేస్తే రోగం మాయమవతాది, మళ్ళా కనపడదు” అన్నారు. ఆసుపత్రికి ఫోన్ చేసి, కాసేపు మనుషుల చేతే సమయాలు ఇప్పించమని బతిమాలుకున్నారు. వెనక కంపెనీ యజమాని కేకలు వేస్తున్నా తల తిప్పలేదు. రెండు తెరలూ మార్చి మార్చి చూసి, చివరికి నా వైపు తిరిగారు.

“మురుగన్‌ది నిజమే చెప్తా ఉండాది. అడిగినాను, బదులు కోసరం కాచుకోనుండాను అంటాది. నీదీ నిజమే చెప్తా ఉండాది. నన్నెవురూ అడగనే లేదంటాది.”

“రెండూ నిజమైతే తప్పెక్కడ సార్?”

“పాక్కలాం” అన్నారు. చూద్దాం అనే ఆ తమిళ మాట ఆయన నోట వస్తే ఇంక ఎంత అడిగినా లాభం లేదు. ఆ మధ్యాహ్నం యజమాని నన్ను పిలిచి, వచ్చే సోమవారం కూడా పేజీ నిలిచిపోతే మంగళవారం నుంచి రానక్కర్లేదని చెప్పారు.

వారమంతా వెతికాం. వారమంతా పేజీ చక్కగా నడిచింది. శనివారం సాయంత్రం సారూ నేనూ ఒకే బస్సెక్కాం. ఆయన గుడియాత్తంలో దిగిపోతారు, నేను అక్కడ పరదరామి బస్సు పట్టుకోవాలి. నాన్నకు ఏం చెప్పాలో తెలియక కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నాను. ఓదార్చడం ఆయనకు చేతకాదు. చాలాసేపటికి తన సంగతి మొదలుపెట్టారు.

“కాలేజీ లీవుల్లో నేనూ పనికి పోతా ఉంటినమ్మా. పైనుంచి తాడు కట్టి రాయి దించేది నేను, కింద పట్టుకునేది మా అన్న. కిందోడు పట్టుకుంటి అని పలికినాకనే పైనోడు తాడు వదలాల. అది మావోళ్ళ వాడిక. పొద్దున్నించీ పలకతానే ఉండినాడు. ఒక్కసారి పలకలా. ఇంతసేపూ ఉన్నోడు ఇప్పుడు యాడికి పోతాడులే అని వదిలేసినా. నీళ్ళు తాగేదానికి పక్కకి తిరిగుండాడు మా అన్న. ఆ కుడిచేత్తో మళ్ళా తాపీ పట్టలేదు.”

ఉన్నట్టుండి నా వైపు తిరిగి అడిగారు. “ఆదివారం మన పేజీని ఎవురన్నా వాడతారామ్మా?”

“ఎవరూ వాడరు సార్. ఆసుపత్రి సెలవు కదా, ఆ రోజు సమయాలు ఇవ్వరు.”

మర్నాడు సార్ అన్నగారి దగ్గరికి పోకుండా వేలూరు బస్సెక్కారని తర్వాత తెలిసింది.

కారణం ఆ ఆదివారమే ఆయనకు దొరికింది. రెండు యంత్రాల మధ్య, భద్రత కోసం పెట్టిన ఫైర్‌వాల్ ఒకటుంది. చాలాసేపు మాటలు నడవని లైన్లను అది తెంచేస్తుంది. తెంచానని ఏ వైపుకూ చెప్పదు. ఆదివారమంతా ఎవరూ పలకరించరు. సోమవారం తొలి రోగి అడగగానే, కనెక్టర్ శనివారం నాటి లైన్ ఇంకా ఉందనుకుని ప్రశ్నను అందులో వదిలి, బదులు కోసం కూర్చుండిపోతుంది. యంత్రాలను ఆపి మొదలుపెడితే కొత్త లైన్లు పుడతాయి, కారణం చెరిగిపోతుంది. సార్ కనెక్టర్‌లో చేసిన మార్పు చిన్నదే. అసలు ప్రశ్న పంపే ముందు ఒక చిన్న పిలుపు పంపాలి. బదులు వస్తేనే ప్రశ్న వదలాలి, రాకపోతే ఆ లైన్ పారేసి కొత్తది తెరవాలి. సోమవారం ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి, మా పేజీ కూడా తెరుచుకుంది.

నేను ఊపిరి పీల్చుకునేలోపే యజమాని అందరినీ పిలిచారు. ఆసుపత్రివాళ్ళకు జవాబు చెప్పాలట. “ఇన్ని వారాల తప్పు ఎవరిది? నాకు పేరు కావాలి” అని తమిళంలో గట్టిగా అడిగారు. మురుగన్ నేల చూపులు చూశాడు. సార్ గొంతు మామూలుగానే ఉంది.

“నాది. మధ్యలో దారిని ఎవరికీ అప్పగించలేదు, నేనూ చూసుకోలేదు. నా పేరు రాయండి.”

రాశారు. చెన్నైలో తెరవబోయే శాఖ ఆయన చేతికి వస్తుందని ఆఫీసంతా అనుకునేది. అది మరొకరికి వెళ్ళింది. మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, మీరెందుకు ఒప్పుకున్నారు, తప్పు ఫైర్‌వాల్‌ది కదా అని దాదాపు పోట్లాడాను. ఆయన తలెత్తి నన్ను చూసి, నెమ్మదిగా అన్నారు.

“పేరు కావాలంటే నీ పేరే రాసుంటారు. కింద నువ్వు నిలబడుండావు గదమ్మా. నేనెట్లా వదిలేది?”

ఆయన పోయి కొన్నేళ్ళయింది. కబురు తెలిసిన రోజే గుడియాత్తం వెళ్ళాను. అన్నగారు సార్ తల దగ్గర కూర్చుని ఎడమచేత్తో దీపం వత్తి సరిచేస్తున్నారు. మునిరత్నం సార్ మీద నాకున్నది గౌరవం ఒక్కటే కాదు, ప్రేమ కూడా. బతికుండగా ఆ మాట చెప్పి ఉంటే ఆయన ఇబ్బంది పడి లేచి వెళ్ళిపోయేవారు.

పోయిన నెల నా కింద పనిచేసేవాళ్ళ వల్ల ఒక పొరపాటు జరిగింది. పైనుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రంలోగా బాధ్యుల పేరు పంపాలన్నారు. కొత్తగా చేరిన అమ్మాయి పేరు వాళ్ళే సూచించారు కూడా. అద్దం తలుపు అవతల ఆ పిల్ల కంప్యూటర్ ముందు వంగి, మొహం కనపడకుండా కూర్చుని ఉంది.

“ఆ అమ్మాయితో నేనింకా మాట్లాడలేదు. తను చెప్పేది వినేదాకా నా పేరు రాసుకోండి” అన్నాను.

ఫోన్ పెట్టేసి, లేచి వెళ్ళి తన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.