జర్మనీ పటాలం

నా చిన్నప్పుడు పొందూరు పక్కన మా ఊళ్లో మా ఇంటిని ‘రంగంవాళ్ల ఇల్లు’ అనేవారు. రంగూన్‌ను మావైపు రంగం అంటారు. మా తాతయ్య అక్కడి రేవులో పనికి కుదిరి, అక్కడే కాపురం పెట్టాడు. మా నాన్న అన్నలిద్దరూ అక్కడినుంచే పటాలంలో చేరారు. తరువాత రంగంలో బాంబులు పడితే మావాళ్లు అడవుల వెంట నడిచి వచ్చారు. తాతయ్య దారిలోనే పోయాడు. చేరింది సొంతూరే అయినా, ఊళ్లోవాళ్ల కంటికి మేం ఎక్కణ్ణుంచో వచ్చిపడ్డవాళ్లమే. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

నేను పుట్టేసరికి యుద్ధం ముగిసిపోయింది. పెద్ద పెదనాన్న ఇటలీలో పోయాడని టెలిగ్రాం వచ్చిందట. చిన్న పెదనాన్న కబురే లేదు, తోటివాడెవరో తెచ్చి ఇచ్చిన ఫోటో ఒకటి తప్ప. మా మామ్మ మాత్రం ఎవరు కదిపినా, “నా పిల్లలిద్దరూ జర్మనీ పటాలమే” అనేది. జర్మనీ యుద్ధానికి వెళ్లిన పటాలం అని ఆమె ఉద్దేశం. అన్నదమ్ములు ఒకే చోట, ఒకరికొకరు తోడుగా ఉన్నారన్నదే ఆమెకు మిగిలిన ధైర్యం. సెలవు మీద ఏ సిపాయి వచ్చినా ఆ ఫోటో చూపించి, ఇది ఏ పటాలం, ఎక్కడెక్కడ తిరిగింది అని ఆరా తీసేది. ఎవరూ చెప్పలేకపోయేవారు.

అలాంటి రోజుల్లో పటాలం విడిచిపెట్టి వచ్చిన ఒకాయన మా పక్కింట్లో దిగాడు. నేను మావా అని పిలిచేదాన్ని. మామ్మ ఆయనకూ ఫోటో చూపించింది. చొక్కా చేతి మీద పులిబొమ్మ ఉన్న ముక్క కుట్టి ఉంది. ఆయన దాన్ని చూసీ చూడగానే, “ఇది జర్మనీ పటాలం” అన్నాడు.

మామ్మ మొహం విప్పారింది. “అదే కదా నాను సెప్తన్నాను.”

“అలాక్కాదు పెద్దమ్మా, ఇది జర్మనీవోళ్లదే. మనోళ్లు ఖైదు పడితే, ఆళ్లలో కొందర్ని కలుపుకొని కట్టిన పటాలం. ఇటలీలో మాకు ఎదర దిగినారు.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే మామ్మకు అర్థమైపోయింది. ఒక కొడుకు ఇటు, ఒక కొడుకు అటు.

ఆమె ఏడవలేదు. లేచి వెళ్లి గోడమీదున్న పెద్దకొడుకు ఫోటో తీసి ట్రంకుపెట్టె వెనక్కి తోసేసింది. ఆ పూట నుంచి ముద్ద ముట్టలేదు. ఎవరు పలకరించినా ఒకటే మాట: “పెద్దోడు తమ్ముణ్ని కాల్సీసినాడేటి?” అంత పెద్ద యుద్ధంలో వీడికి వాడే ఎదురుపడతాడా అని మా నాన్న నచ్చజెప్పబోయాడు. ఆమె చెవికెక్కలేదు. మనిషి మంచానికి అంటుకుపోయింది. ఈ మావ నోరు మూసుకుని ఊరుకోకూడదా అని నాకు తగని కోపం వచ్చింది.

అప్పుడు ఆయనే మళ్లీ వచ్చాడు. మంచం దగ్గర కింద కూర్చున్నాడు.

“పెద్దమ్మా, నీ పెద్దకొడుకు సంగతి నాకు తెల్దు. నా సంగతి సెప్తాను. ఆ పులిబొమ్మోళ్ల మీద నాను కాల్సినాను. పడిపోయినారు కూడాను.”

మామ్మ తల తిప్పి చూసింది. “మొకాలు సూసినావేటి?”

“నేదు. అంతా పొగ. మనోళ్లని తరవాత తెల్సింది.”

 “అయితే మా పెద్దోడికీ తెల్దు” అంది మామ్మ. లేచి, ఫోటో బయటికి తీసి, కొంగుతో తుడిచి మళ్లీ గోడకు తగిలించింది. గంజి అడిగి తాగింది. గిన్నె కింద పెట్టి మావ వైపు తిరిగి, “నా నడిపోణ్ని సంపింది నువ్వే. ఇంక నా గడప తొక్కకు” అంది.

ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆ మాట ఊరంతా పాకింది. మనవాళ్లనే చంపినవాడు అని ఆయన్ని శుభకార్యాలకు పిలవడం మానేశారు. ఎదురొస్తే మా నాన్న మొహం తిప్పుకునేవాడు. మామ్మ పోయినప్పుడు పాడెకు భుజం పడతానని వస్తే వెళ్లగొట్టారు.

చాలా ఏళ్లకు ఆయన కూడా పోయాడని తెలిసి, శ్రీకాకుళం అత్తవారింటి నుంచి పలకరింపుకు వెళ్లాను. అప్పుడు ఆయన భార్య చెప్పింది. “మీ మావ పటాలంలో వంటోడే అమ్మీ. తుపాకీ ముట్టనేదు. ఆ పులిబొమ్మోళ్లు ఖైదీలై వొస్తే అన్నం వండి పెట్టినాడు, అంతే.”

మామ్మ పోయాకైనా ఆ సంగతి ఎందుకు చెప్పలేదత్తా అని నేను ఏడ్చాను.

“అప్పటికి మీ నాన్న ఉన్నాడు కదే. ఆయనకీ ఆళ్లిద్దరూ అన్నలే” అంది ఆవిడ.

ఇప్పుడు నా మనవడు ఫోనులో ఆ జర్మనీ పటాలం గురించి వెతుకుతున్నాడు. చిన్న పెదనాన్న అందులో ఏ దళంలో ఉన్నాడో కనిపెడతానంటాడు. కనిపెడితే మంచిదే, నేను వద్దనను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు. అదీ నిజమే. కాని ఊరంతా కలిసి ఒక మనిషిని వేలెత్తి చూపిస్తున్నప్పుడు మాత్రం నాకు మాట పెగలదు. వాడు ఎవరి పాపం మోస్తున్నాడో నాకేం తెలుసు?