షేర్గాజీ నోరు మూసుకున్న రోజు

మా కొచ్కోర్ ఊళ్లో షేర్గాజీ అనే మహానుభావుడు ఉన్నాడు. ఎవరింట్లో ఏ శుభం జరిగినా ఆ కబురు తానే ముందు మోసుకెళ్లాలి, మోసినందుకు కానుక పుచ్చుకోవాలి. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. మిగతా ఆరోగ్యం భేషుగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆ జబ్బు కోసమే రోజూ ఊరంతా పరిగెడతాడు.

మాలో ఆచారం అలాంటిది. మంచి కబురు తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి "సుయుంచు!" అని కేకేస్తాడు. అదేమిటో వినకముందే ఇంటివాళ్లు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. రుమాలో, మేజోళ్లో, కలిగినవాళ్లయితే గొర్రెపిల్లో. మామూలు మనుషులు జన్మకి నాలుగైదుసార్లు అనే ఆ మాటని షేర్గాజీ పొద్దున్న టీ చల్లారేలోపు రెండుసార్లు అనగలడు.

మంచి కబురు అంటే ఏమిటన్న విషయంలో ఆయనది చాలా విశాల హృదయం. ఓసారి తెల్లారకముందే మా తలుపు బాదాడు.

"సుయుంచు, కుబాత్! సుయుంచు!"

మా ఆవిడ కంగారుపడి కొత్త తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఏమైందన్నా?" అన్నాను.

"మీ వీధి కుళాయిలో నీళ్లొస్తున్నాయి!"

"ఆ కుళాయి మా ఇంటి ముందే ఉంది కదా!"

"ఉంటే? నువ్వు చూశావా? చూడలేదు. నేను చూశాను."

తువ్వాలు మెడలో వేసుకుని పక్కింటికి వెళ్లిపోయాడు. అక్కడ చెప్పిందీ అదే కుళాయి సంగతి.

మంగలి ఆసెయిన్‌కి అయితే, తప్పిపోయిన మేక దొరికిందని చెప్పి మేజోళ్ల జత పుచ్చుకున్నాడు. మేక తప్పిపోయిందని ఆసెయిన్‌కి అప్పటిదాకా తెలియనే తెలియదు. దొడ్డి గడియ తీసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు గానీ, మేక వచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

ఇలా హాయిగా సాగిపోతున్న ఆయన బతుకులోకి సెల్‌ఫోన్లు వచ్చి పడ్డాయి. ఊళ్లో ఎవరికి మనవడు పుట్టినా, ఎవరి సంబంధం కుదిరినా, షేర్గాజీ చెప్పులు తొడుక్కునేలోపే కబురు ఇంట్లోకి దూరిపోయేది. ఓసారి స్కూలు మాస్టారింటికి, కూతురు పరీక్ష పాసైందన్న కబురుతో, వగరుస్తూ పరిగెత్తాడు. మాస్టారు గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చి "తెలుసు షేర్గాజీ, ఫోనులో వచ్చింది" అన్నాడు.

"నాకెవరూ చెప్పలేదే ఫోనొచ్చిందని!"

"నీకెందుకు చెబుతారయ్యా?"

"సరే, కబురుకి వద్దు. పరిగెత్తినందుకైనా సగం ఇప్పించండి."

మాస్టారు ఒక మేజోడు ఇచ్చాడు. దాన్ని కూడా తీసుకున్నాడు మహానుభావుడు.

అప్పటినుంచి ఫోను కనిపిస్తే చాలు, ఆయనకి ఒళ్లు మండిపోయేది. "దానికి కాళ్లున్నాయా? చెమట పడుతుందా? ఊరికే కూర్చుని మోగే డబ్బా, నా కడుపు కొడుతోంది" అని సంతలో కనబడ్డవాళ్లందరి దగ్గరా గోడు వెళ్లబోసుకునేవాడు. ఆ గోడు వినిపించడానికి కూడా కొందరి దగ్గర రుమాళ్లు పుచ్చుకున్నాడని నాకో అనుమానం.

అలాంటివాడికే, పోయిన వేసవిలో, పశువుల సంతలో నా వ్యాను పక్కన, పేడలో పడి ఉన్న ఫోను దొరికింది. బటన్ల ఫోను, పాతది. చేత్తో పట్టుకుని ఎగిరి గంతేశాడు.

"కుబాత్! పోగొట్టుకున్నవాళ్లకి ఇది దొరకడం మంచి కబురా, కాదా?"

"మంచి కబురే."

"మరింకేం!"

జన్మశత్రువు మీద ఆ క్షణంలో ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. పేడ తుడిచి, ముద్దు ఒక్కటే తక్కువ. "ఫోనెవరిదహో" అని సంతంతా కేకేశాడు. గొర్రెల దళారీ ఒకడు "నాదే" అంటూ వచ్చాడు.

"నీదే అయితే ఎలా మోగుతుందో చెప్పు."

వాడు కోమూజ్ వాయిద్యం మోగినట్టు గొంతుతో ఏదో వాయించాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గొర్రెపిల్ల అరుపు. చుట్టూ ఉన్న గొర్రెలన్నీ అందుకున్నాయి. దళారీ వాయించడం ఆపకుండానే జనంలోకి జారుకున్నాడు.

ఆ గోలలో మాట వినపడదని ఇద్దరం నా వ్యాను ఎక్కి తలుపులు వేసుకున్నాం. షేర్గాజీకి ఫోను పట్టుకోవడం అలవాటు లేదు, అరచేతిలో రొట్టెలా పెట్టుకుని మీట నొక్కాడు. ఆయన "హలో" అనేలోపే అటునుంచి ఆడపిల్ల గొంతు వ్యానంతా నిండిపోయింది.

"అమ్మా! అమ్మా, ఆడపిల్లే! నాకు ఆడపిల్ల పుట్టిందమ్మా! బాగుంది, ఏడ్చింది కూడా! వింటున్నావా? ఏడుస్తున్నావా అమ్మా?"

షేర్గాజీ నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"నేను అమ్మని కాదు తల్లీ."

అటునుంచి చిన్నగా "మీరెవరు?" అని వినిపించింది. ఈయన సంతలో ఫోను దొరికిన సంగతి చెప్పాడు. అంతే, ఆ పిల్ల భోరుమంది.

పేరు ఐజర్కిన్. రాజధాని బిష్కెక్‌లో, ఆసుపత్రిలో ఉంది. పెళ్లయి పదేళ్లు. ఇంతకుముందు కడుపు నిలిచిందని చెప్పిన ప్రతిసారీ పోయింది. అందుకే దిష్టికి భయపడి, ఈసారి కన్నతల్లికి కూడా చెప్పలేదు. తల్లి జూరాకాన్ వేసవి మేతకి మందని తోలుకుని సోంకుల్ సరస్సు దగ్గర గుడారం వేసుకుంది. సంతకి వచ్చి వెళ్లినప్పుడు ఫోను జారి పడిపోయి ఉంటుంది.

"ఎలా చెప్పాలా, ఏ మాట ముందనాలా అని ఇన్ని నెలలు మంచం మీద పడుకుని అనుకున్నాను బాబాయ్. అమ్మకి నేనే చెప్పాలని మా ఆయన నోరు కూడా కట్టేశాను. చివరికి పోయిపోయి మీ చెవిలో పడింది."

"నాకేమీ వినపడలేదు తల్లీ" అన్నాడు షేర్గాజీ. "ఇక్కడ ఒకటే గొర్రెల గోల. ఫోను మీ అమ్మకి ఇచ్చి వస్తాను. నువ్వే చెప్పుకో. ఎత్తకుండా మాత్రం ఉండకు."

నేను ఆయన మొహంలోకి చూశాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. కుళాయి నీళ్లకి వీధంతా లేపిన మనిషి. ఆయన దగ్గర పదేళ్ల కబురు దాచడమంటే పిల్లి దగ్గర పాలకుండ దాచినట్టే. ఆ పిల్ల ముచ్చట మట్టిగొట్టుకుపోయిందనే అనుకున్నాను. అయినా వ్యాను తీశాను, ఎందుకంటే నేను తీసుకెళ్లకపోతే గుర్రం దొంగిలించైనా వెళ్లేలా ఉన్నాడు.

దారిలో ఆయన అవస్థ చూడాలి. మొహం ఎర్రబడిపోయింది, బుగ్గలు ఉబ్బాయి. ఒక్కో మలుపు దగ్గర నోరు తెరుచుకునేది, చేత్తో మూసుకునేవాడు.

"అన్నా, ఇది మేజోళ్ల కబురు కాదు. గొర్రెపిల్ల ఖాయం" అన్నాను.

"నోరు ముయ్యరా."

"ఆ మాటకొస్తే గుర్రప్పిల్లనైనా ఇస్తుంది."

"ముయ్యమన్నానా!"

"నాది మూసే ఉంది. నీదంటేనే నా భయం."

కనుమ మీద ఎదురైన లారీ డ్రైవరు, మా ఊరివాడే, బండి ఆపి "ఏం షేర్గాజన్నా, ఏమిటి కబుర్లు?" అన్నాడు. "ఏమీ లేవు" అన్నాడు షేర్గాజీ. డ్రైవరు కంగారుగా కిందకి దిగి వచ్చి ఆయన నుదురు పట్టి చూశాడు. ఇలా కాదని, షేర్గాజీ నా దగ్గరున్న ఎండబెట్టిన పెరుగుండలు రెండు తీసుకుని చెరో బుగ్గన పెట్టుకున్నాడు. ఆ ఉండలు రాళ్లతో సమానం. అవి కరిగేదాకా ఎంత వాగుడుకాయైనా మాట్లాడలేడు.

సరస్సు దగ్గరికి చేరాం. జూరాకాన్ గుడారం ముందు గుర్రం పాలు పితుకుతోంది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. షేర్గాజీ వ్యాను దిగాడు, ఉండలు ఉమ్మేశాడు, నేను ఆపేలోపే అలవాటుగా గొంతెత్తాడు.

"సుయుంచు!"

నా గుండె ఆగింది.

"సుయుంచు అక్కా! నీ ఫోను దొరికింది!"

మళ్లీ కొట్టుకుంది. జూరాకాన్ చేతులు తుడుచుకుంటూ లేచింది.

"నువ్వు ఆ కొచ్కోర్ షేర్గాజీవి కదూ? నా ఫోను నాకిచ్చి నా దగ్గరే కానుకా?"

"ఆచారం అక్కా."

"ఆచారాన్ని నీలాంటివాళ్లే భ్రష్టు పట్టించారు." అంటూనే ఆవిడ ఆయన మొహంలోకి చూసి ఆగిపోయింది. "అయినా ఈ డొక్కు ఫోను కోసం కనుమ దాటి వచ్చావా? ఆ మొహమేమిటి, అలా ఉబ్బిపోయింది? ఏదో దాస్తున్నావు. మా అమ్మాయికేమైనా అయిందా? చెప్పు! ఫోనులో ఎవరైనా ఏమైనా చెప్పారా?"

నా వల్ల కాలేదు. బాగానే ఉందక్కా, అని చెప్పేద్దామని నోరు తెరిచాను. షేర్గాజీ నా కాలు గట్టిగా తొక్కాడు.

"ఎవరు చెబుతారక్కా? నాకు గొర్రెపిల్ల కావాలి, అందుకే ఈ మొహం."

"గొర్రెపిల్లా?"

"ఊరికే వద్దులే. ఫోను పనిచేస్తేనే ఇద్దువు గాని. ఇక్కడ సిగ్నల్ లేదుగా. ఆ గుట్టెక్కి మీ అమ్మాయికి ఓ ఫోను కొట్టు. మోగిందా, గొర్రెపిల్ల నాది. మోగలేదా, ఉత్త చేతులతో పోతాను."

జూరాకాన్ భయం ఎటు పోయిందో పోయింది. దాని స్థానంలో కోపం తన్నుకొచ్చింది.

"పేడలో పడ్డ ఫోనుకి గొర్రెపిల్లనివ్వాలా? సిగ్గుందా నీకు?"

"లేదక్కా. కావాలంటే మా ఊళ్లో ఎవరినైనా అడుగు."

"చూస్తాను! అది మోగకూడదు, నీ మొహాన కొట్టాలి!" అంటూ ఫోను లాక్కుని గుట్టెక్కడం మొదలుపెట్టింది. ఎక్కినంతమేరా షేర్గాజీ వంశాన్ని వెనక తరాల నుంచి వరసగా తిట్టింది. ఈయన మాత్రం ఒక్కో తిట్టుకీ తలాడిస్తూ, దోవలోనే కింద గడ్డిలో కూలబడ్డాడు. గుట్టకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"చూడవా అన్నా?"

"చూస్తే అరిచేస్తానురా. నా సంగతి నాకు తెలుసు."

తిట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత గుట్ట మీది నుంచి ఒక కేక వచ్చింది. మేస్తున్న గుర్రాలు తలలెత్తాయి. చూద్దును కదా, ఆ భారీ మనిషి తలగుడ్డ ఊడిపోయినా పట్టించుకోకుండా, ఏడుస్తూ నవ్వుతూ, పదహారేళ్ల పిల్లలా పరిగెత్తుకుంటూ దిగుతోంది.

"సుయుంచు! సుయుంచు!"

దోవలో మొదట ఎదురుపడ్డది షేర్గాజీయే. ఆవిడ ఆయన రెండు భుజాలూ పట్టి కుదిపేసింది.

"సుయుంచు ఇవ్వు!"

"ఏమైందక్కా?"

"ముందు చేతిలో పెట్టు! కబురు తర్వాత!"

ఆ మాట ఆయన జన్మంతా ఊళ్లోవాళ్లకి చెప్పిందే. తనకి ఎవరైనా చెప్పడం అదే మొదలు. జేబులు తడుముకున్నాడు, ఏమీ లేదు. ఒక్క క్షణం ఆలోచించి, ఒంటి మీది గొర్రెతోలు కోటు విప్పి ఆవిడ చేతుల్లో పెట్టాడు. అసలు సిసలైన కోటు, పెళ్లినాటిది, ఏ ఇంట్లోనూ పుచ్చుకున్నది కాదు.

"ఆడపిల్ల! మా ఐజర్కిన్‌కి ఆడపిల్ల పుట్టింది!"

"ఆఁ!" అన్నాడు షేర్గాజీ. గుండెల మీద చేతులు వేసుకున్నాడు. కళ్లు పెద్దవి చేశాడు. రెండడుగులు వెనక్కి తూలాడు. "నిజమా? మీ ఐజర్కిన్‌కే? ఆడపిల్లే? అయ్యో, నేనేనాడూ వినలేదే!"

అంత దరిద్రమైన నటన నేనెక్కడా చూడలేదు. పక్కనున్న గుర్రం కూడా నమ్మి ఉండదు. జూరాకాన్ నమ్మింది. ఆయన్ని గట్టిగా వాటేసుకుని, కోటు భుజాన వేసుకుని, "సుయుంచు!" అని అరుచుకుంటూ పక్క గుడారాల వైపు పరిగెత్తింది. గొర్రెపిల్ల సంగతి ఆవిడా మరిచిపోయింది, ఈయనా గుర్తుచేయలేదు.

వేసవే అయినా ఆ కొండల మీద పొద్దు వాలితే చలికి పళ్లు టకటకలాడతాయి. వ్యానులో షేర్గాజీ ఒట్టి చొక్కాతో ముడుచుకుని కూర్చున్నాడు. నవ్వాలనుకున్నాను గానీ, ఆ మనిషి మీద మొదటిసారి నాకు గౌరవం పుట్టుకొచ్చి అడ్డుపడింది.

"అన్నా, జన్మలో మొదటిసారి సుయుంచు ఇచ్చావు. అదీ తెలిసిన కబురుకి."

"తెలుసనే అనుకున్నానురా" అన్నాడు. "ఆవిడ చెబుతుంటే మాత్రం కొత్తగానే ఉంది."

కనుమ దాటాక చటుక్కున నిటారుగా కూర్చున్నాడు.

"ఒరేయ్ కుబాత్. ఆవిడకి తెలిసిపోయింది కదా?"

"తెలిసిపోయింది."

"ఆ పిల్ల నోటితోనే విన్నది కదా?"

"విన్నది."

"అయితే ఇక చెప్పొచ్చు కదా! కొచ్కోర్‌లో ఆవిడ అన్నదమ్ములవీ, ఆడపడుచులవీ బోలెడు ఇళ్లున్నాయి. మళ్లీ గుట్టెక్కి వాళ్లందరికీ ఫోన్లు కొట్టేస్తుందిరా! తొక్కు, గట్టిగా తొక్కు!"

ఎందుకో తెలియదు గానీ, నేనూ గట్టిగానే తొక్కాను.